అంచు మీద నొక్కు

పాత పోస్టాఫీసు వెనక నా కొట్లో
ఫ్యాను తిరిగినా గాలి ఉప్పగానే ఉంటుంది.
ఎస్తేరు రాణిగారు లైసెన్సు పుస్తకం ముందు పెట్టి
తర్వాత ఫ్లానెల్ గుడ్డ విప్పారు.

ఇరవై రెండు బోరు. టార్గెట్ రివాల్వర్. తొమ్మిది గదులు.
గొట్టం మీద నీలి పూత
ముసురు పట్టిన రోజు యారాడ కొండ రంగులో.
ఈ ఊళ్లో ఇనుము ఇలా మిగిలిందంటే
నలభై వానాకాలాలు
ఎవరికో అన్నం వేళ తప్పినా నూనెగుడ్డ వేళ తప్పలేదు.

పిడి మీది గళ్లు ఎడమవైపు అరిగి నున్నబడ్డాయి.
"నాన్నది ఎడమ చెయ్యి," అన్నారావిడ,
"పోర్టులో పైలట్. ఓడల్ని మాత్రం కుడిచేత్తో పిలిచేవాడు."

భూతద్దం పెట్టాను.
తొమ్మిదింట్లో ఒక్కదాని అంచున
చీమ కుట్టినంత నొక్కు.
ఇది తూటాని అంచు మీద కొట్టే రకం.
ఖాళీగా లాగితే
తన గదిని తానే కొరుక్కుంటుంది.
"ఎవరో ఒట్టిదే లాగేరండి. ఒక్కసారే."

ఆవిడ వీధిలోకి చూశారు. చేపల గంప ఒకటి కేకేసుకుంటూ పోయింది.
"ఎనిమిదేళ్లు నాకు. ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు.
ఠక్కుమంది. కళ్లు తెరవలేదు.
సాయంత్రానికి బీరువా తాళంచెవి
మెళ్లో సిలువ పక్కకి చేరింది. అంతే.
ఒక్క మాటా అనలేదు."

ధర ఎంత తగ్గుతుందని అడిగారు.
చెప్పాను.
"అయితే ఆ తగ్గినదంతా నాదే," అని
గుడ్డ మడిచేశారు.

అమ్ముతారో లేదో తెలీదు.
ఆవిడ మెట్లు దిగాక గుర్తొచ్చింది,
గొట్టం మీద నా బొటనవేలి ముద్ర ఉండిపోయిందని.
చెమటా ఉప్పే.
"ఇంటికెళ్లగానే తుడవండమ్మా!"
వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తారు,
ఎడమది.