చేస్తానన్న ప్రార్థన

గ్రిమ్స్‌బీలో పొద్దున ఐదూ నలభై అంటే
చలికాలం నడిరాత్రే.
చేపల ఫ్యాక్టరీ గేటు మీద సముద్రపు కొంగలు మాత్రం మేలుకుని
ఎవరి మీదో ఫిర్యాదు చేస్తుంటాయి.
తెల్ల బూట్లు, తలకు నీలం వల, రెండు జతల గ్లౌజులు.
బెల్టు మీద హ్యాడక్ ముక్కలొస్తాయి,
ముల్లు మిగిలిందేమో వేలితో తడిమి చూడటం నా పని.
ఎదురుగా డోరీన్.
ముప్ఫై ఏళ్ళుగా అదే బెల్టు, అదే వైపు.

ఒకనాడు టీ తాగుతూ అంది:
"నువ్వు చర్చికి పోతావటగా.
మా గెయిల్ నాతో మాట్లాడి తొమ్మిదేళ్ళు.
నాకా పద్ధతులు తెలీవు. ఓ మాట చెప్పు, నా కోసం."

"తప్పకుండా ప్రార్థన చేస్తాను" అన్నాను.
నా నోట అది "బాగున్నారా" లాంటి మాట.
కూటం అయ్యాక కోటు గుండీలు పెట్టుకుంటూ అంటాను,
ఫోను పెట్టేసే ముందు అంటాను,
ఆపరేషనన్నా, వీసా అన్నా, పిల్లాడి పరీక్షన్నా
చేస్తానండీ, చేస్తాను, చేస్తాను.
ఆ మాట నమ్ముకుని ఎంతమంది నిశ్చింతగా పడుకున్నారో.
నేనూ పడుకున్నాను.

అద్దె హాల్లో ఆదివారం మా ఏడు కుటుంబాలు.
ముగింపు ప్రార్థన నాదే ఎప్పుడూ.
కొంగు తల మీదికి లాక్కుని
"మహోన్నతుడా, కృపామయుడా" అని మొదలెడితే
మాటలో మాట మెలిపడి
మా నరసాపురం లేసులా దిగుతుంది.
లేసు అల్లీ అల్లీ చూపు పోగొట్టుకున్న మా అమ్మమ్మ అనేది,
"ఇందులో దారం కన్నా కన్నాలే ఎక్కువే పిల్లా."
డోరీన్ పేరు ఏ కన్నంలోంచి జారిపోయిందో.

మూడు వారాల తర్వాత
బెల్టు ఆగిన నిమిషంలో అడిగింది:
"చెప్పావా?"
"చెప్పాను" అన్నాను.
గ్లౌజులో వేళ్ళు చల్లబడ్డాయి.
అంతకు ముందూ చల్లగానే ఉన్నాయి కాబట్టి
దానికి సాక్ష్యం లేదు.
"థాంక్యూ లవ్" అంది.
ఇక్కడ బస్సు డ్రైవరు కూడా అనే మాటే.

ఆ మధ్యాహ్నం బస్సెక్కలేదు.
క్లీథోర్ప్స్ దాకా నడిచాను.
సముద్రం లేదు.
కనుచూపు మేర బురద, గీతలు పడ్డ ఇసుక,
ఎక్కడో అంచున బూడిద రంగు దారప్పోగు.
మా పేరుపాలెం సముద్రం అలిగినా ఇంత దూరం పోదు.

బెంచీ మీద కూర్చున్నాను.
కొంగు లేదు, కోటు టోపీనే ముందుకు లాక్కున్నాను.
"మహో" దగ్గరే గొంతు ఆగిపోయింది.
"అబద్ధమాడాను" అన్నాను.
అంతే వచ్చింది. చాలాసేపు అంతే.
తర్వాత "డోరీన్" అన్నాను.
తర్వాత "గెయిల్".
ఆమె ముఖం నాకు తెలీదు,
నీకు తెలుసుగా అన్నాను.
ముక్కు కారుతోంది, చేతులు చేపల కంపు.
ఆమేన్ అన్నానో లేదో గుర్తు లేదు.

పక్క బెంచీలో ఓ పిల్లాడు
"తాతా, సముద్రమేదీ?" అన్నాడు.
ముసలాయన తలెత్తి కూడా చూడలేదు.
"వస్తుందిలే. ముందా శాండ్‌విచ్ తిను."

సోమవారం డోరీన్‌కి చెప్పేశాను.
"నువ్వడిగిన రోజుకి చెయ్యలేదు. ఆ సాయంత్రం చేశాను."
నన్ను కాసేపు చూసింది.
"తెలుసు. నీ మొహం అబద్ధాలకి పనికిరాదు" అంది.
కళ్ళజోడు తుడుచుకోవాలనుకుంది గానీ
గ్లౌజులు అడ్డమొచ్చాయి.
"మళ్ళీ చెప్తావా?"
బెల్టు కదిలింది.
కళ్ళు మూస్తే ముల్లు తప్పిపోతుంది,
తెరిచే ఉంచి, అక్కడే, ముక్కకో మాట చొప్పున.

గెయిల్ ఇంకా ఫోను చెయ్యలేదు.
క్రిస్మస్ కార్డు తిరిగి రాలేదు,
దాన్ని ఏమనుకోవాలో మా ఇద్దరికీ తెలీదు.
రోజూ తలవల సర్దుకుంటూ డోరీన్ కనుబొమ్మలెగరేస్తుంది.
"బస్సులోనే అయింది" అంటాను.
నిజంగానే బస్సులో, రెండో స్టాపు దాటాక.

నిన్న నిద్రపోయాను, మర్చిపోయాను.
ఆ సంగతీ చెప్పాను,
ఇద్దరికీ.