ఏడో కదలిక తర్వాత

మా సిలబస్ విభాగంలో హీటరు ఒకవైపే పనిచేస్తుంది.
ఆ వైపు కుర్చీ లువాన్ టింగ్‌రుయి గారికి వేశాం.
కూర్చోలేదు.
"కూర్చుని చెబితే మోకాలికి గుర్తు రాదమ్మా" అన్నారు.

హబే మైదానంలో ఉప్పు తేలిన నేలల ఊరు ఆయనది.
నలభై ఏళ్లు సైకిళ్లకు పంక్చర్లు వేసిన చేతులు,
గోళ్ల కింద ఇంకా నల్లటి జిగురు.
తెల్లారకముందు మాత్రం అవే చేతులు
గోధుమ కళ్లంలో
గాలిని నిలువునా చీల్చి
మళ్లీ అతికించేవట.

నా పని టైపు చేయడం.
పట్టికలో గడులు: సంఖ్య, పేరు, అడుగు, చేయి,
చూపు, శ్వాస, సమయం, మార్కులు.
వచ్చే సెప్టెంబరు నుంచి ఇది డిగ్రీ.
నాలుగేళ్లు. నూట అరవై క్రెడిట్లు.
తప్పినవాళ్లకు సప్లిమెంటరీ కూడా ఉంది.

మొదటి కదలిక చేశారు. కొట్టాను.
రెండోదానికి పేరడిగితే బిత్తరపోయారు.
"పేరా? మా గురువు 'ఇది' అనేవాడు."
ప్రొఫెసర్ గోంగ్ వెయ్‌యెన్ కళ్లజోడు తీసి, తుడిచి,
'కొంగ రెల్లును తొలగించుట' అని పెట్టారు.
పెద్దాయనకు ఎంత నచ్చిందో!
"ఓహో, కొంగా!" అంటూ మళ్లీ చేసి చూసుకున్నారు,
ఈసారి కొంచెం కొంగలా.
అప్పుడే మొదటిసారి నాకు భయమేసింది.

ఏడో కదలిక తర్వాత
ఒంటికాలి మీద ఆగి, దగ్గారు.
నీళ్లందించాను.
"దాహం కాదు, అది అందులోదే."

ఆయన గురువు ఇటుకబట్టీ మనిషి.
ఊపిరితిత్తుల నిండా ఎర్రదుమ్ము.
ఏడో దగ్గర నడుము తిరిగేసరికి
తెర మీద తెరగా దగ్గు వచ్చేది.
"ఆయన తేరుకునేదాకా
ఎత్తిన కాలు దించడానికి మాకు మనసొప్పేది కాదు.
నిలబడటం నాకు అక్కడే వచ్చింది."

శ్వాస గడిలో ఏం రాయను?
కమిటీ గంటన్నర కూర్చుంది.
దగ్గుకు మార్కులెన్ని అన్నారొకరు.
అంటువ్యాధుల రోజులు, బాగుండదన్నారు ఇంకొకరు.
తీసేయమన్నారు.
తీసింది నేనే. ఒక్క మీట,
ఏడు పక్కకే ఎనిమిది జరిగి కూర్చుంది.

పాఠం చెప్పాలంటే పట్టా కావాలి కదా,
ఆయనకూ పరీక్ష పెట్టారు.
ముగ్గురు పరీక్షకులు, ఒక స్టాప్‌వాచ్.
వాళ్ల చేతుల్లో నేను కొట్టిన పట్టికే.
వందకు డెబ్బై ఒకటి.
'ఏడుకూ ఎనిమిదికీ మధ్య అనవసర విరామం.
రెండో కదలికలో కొంగ లక్షణం తక్కువ.'

కాగితాన్ని చేతికందినంత దూరం పట్టి చదివారు.
"నయమే. మా గురువు నాకెన్నడూ ఇన్ని వేయలేదు."
మెట్లు దిగుతూ మధ్యలో ఆగి
"మరి ఆ ఇరవై తొమ్మిదీ ఎవరికి పోయాయమ్మా?"
ఎగతాళి కాదు. నిజంగానే అడిగారు.
ఒక పంక్చరు షాపులో
చిల్లర తేడా వస్తే అడిగినట్టు.

ఇప్పుడాయన సహాయ శిక్షకుడు, గంటల లెక్కన జీతం.
హాల్లో లౌడ్‌స్పీకరు అంకెలు చెబుతుంది,
అరవై జతల తెల్లబూట్లు ఒకేసారి నేలను తాకుతాయి.
ఏడు. ఎనిమిది.
ఆయన ఓ మూల నిలబడి, పెదాలు బిగపట్టి,
నోటికి చేయి అడ్డం పెట్టుకుంటారు.

నిన్న రాత్రి ఫ్లాస్కు నింపుకోవడానికి
బాయిలరు గది వెనక్కి వెళ్లాను.
మొదటి సంవత్సరం పిల్ల, దూ షులాన్,
ఒంటికాలి మీద ఉంది.
మంచు ఆమె భుజాన చాలాసేపటిదిలా పేరుకుంది.
ఎత్తిన మోకాలు సన్నగా వణుకుతోంది,
అయినా దించదు.
దేనికోసమో చెవి ఒగ్గినట్టుంది.

ఫ్లాస్కు మూత బిగించాను.
కాసేపు ఏం చేయాలో తోచలేదు.
తర్వాత, చీకట్లోంచే,
చిన్నగా దగ్గాను.

కాలు నేలకు దిగింది.