ఆప్షన్ నంబర్ ఒకటి

మద్దిలపాలెంలో మెట్ల కింద నా నెట్ సెంటర్.
కౌన్సెలింగ్ రోజుల్లో ఇక్కడ
ఉక్కపోతకి కూడా ర్యాంకుంటుంది.

"ఈ ర్యాంకుకి ఏదొస్తుందన్నా?"
పొద్దుట్నుంచి పదిహేడోసారి.
పాత కటాఫుల కాగితాలు విప్పుతాను,
కిరాణా పద్దులా నూనె మరకలతో.
కంప్యూటరంటే
కొమ్మాది దాటాక ఎక్కడో పేరు వినని కాలేజీ.
సివిలంటే కాస్త ఇవతలికి.
ఎవరూ అడగని బ్రాంచి అడిగితే
యూనివర్సిటీ గేటే తెరుచుకోవచ్చు.
అదే ర్యాంకు, అదే పిల్ల.
అడిగే పేరు మారితే తలుపు మారుతుంది.

సాయంత్రం సూరాడ నీలవేణి వచ్చింది.
వెనక వాళ్ల నాన్న ఎల్లాజీ,
హార్బర్ ఐసు ఫ్యాక్టరీ నుంచి నేరుగా,
చొక్కా చేతుల మీద ఇంకా చలి.
"కంప్యూటరెట్టండి బాబూ, మా ఈదిలో అందరూ అదే."
ఆ పిల్ల కీబోర్డు తన వైపు లాక్కుంది.
నౌకా నిర్మాణం.
ఆప్షన్ నంబర్ ఒకటి.

గొంతు తగ్గించి మెచ్చుకున్నాను:
"తెలివైన పని. పోటీ తక్కువ.
ముందు లోపలికెళ్లు, తర్వాత మారొచ్చులే."
నావైపు చూసింది,
దొంగ తూకం పట్టుకున్నప్పుడు
చేపల బేరగాణ్ణి చూసినట్టు.

"సులువుగా దొరుకుతాదని ఎట్టినావేటమ్మా,
ఇష్టమయ్యెట్టినావేటి?"
"రెండూ ఒకటవ్వకూడదేటి నాన్నా?"

నన్నడగలేదు కాబట్టి బతికిపోయాను.
పంతొమ్మిదేళ్ల కిందట నేనూ
సులువైన పేరే రాశాను, భూగర్భ శాస్త్రమని.
సీటొచ్చింది. మూడో ఏడు వదిలేసి
ఈ మెట్ల కింద తేలాను.
అయినా కైలాసగిరి ఎక్కేటప్పుడు
రోడ్డుకోసం కొండ కోసిన చోట
ఆ ఎర్రరాయి పేరు నోటిదాకా వస్తుంది.
పక్కనెవరున్నా చెప్పను.

ఓటీపీ ఎల్లాజీ ఫోనుకొచ్చింది,
పొలుసులంటిన ప్లాస్టిక్ కవరులోకి.
అంకెలు ఒక్కొక్కటే చదివాడు,
రేవులో వేలం పాట పాడినట్టు, వీధి వినేలా.
కొట్టాను. ఇక మార్చడానికి లేదు.

ప్రింటు వేడిగా బయటికొచ్చింది.
లుంగీకి రెండుసార్లు చేతులు తుడుచుకుని
అప్పుడు అందుకున్నాడు.
తిప్పి చూశాడు, వెనకవైపు ఖాళీ.

"ఓడలు కట్టడమా," అన్నాడు.
"మా అయ్య తెప్పలు కట్టీవోడు.
నీ ర్యాంకేటని
ఎవుడూ అడగలేదు."