ఏడో బుష్

దేవరకొండ దాటినంక, డిండి రోడ్డు.
బండికింక పేరు పెట్టలే,
తలుపుల్లేవు, టాపు లేదు.
వెనక రెండు ఇసుక బస్తాలు,
రేపు కూసునే మనుషుల బరువు.

ఆరో బుష్ నిన్న పగిలింది.
ఖాజామియా లేత్ మీద దిగిన ఏడోది
వేడి ఆరకముందే బిగించిన.

స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగిన. చప్పుడు లేదు.
ఇంకోటి. లేదు.
పదకొండో దాని కాడ, సన్నగ,
బువ్వల రాయి పంటికింద పడ్డట్టు.

నోటుబుక్కుల రాసిన: ఏడు, పదకొండు.
ఆరోది నాలుగింటికే పోయింది.

ఫోన్ల ఖాజామియా నవ్విండు:
"ముక్కలు పారెయ్యకు బిడ్డా,
యాడ ఇరిగిందో అదే చెప్తది."

బస్తాలు దించకుండనే
ఎండకు కాలిన తారు మీద వెల్లకిల పడి
కిందికి దూరిన.
టార్చి పట్టనీకె ఎవరూ లేరు,
పళ్లతోనే పట్టుకున్న.