చుక్క

షార్జా, పదమూడో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా,
టైర్ల గోదాం మీద రెండో అంతస్తు.
ఏసీ బందువెట్టి కూసున్న, గాలికి పొర ఎండుతది.
ముందట బత్తాయంత గ్యాస్ ట్యాంకు,
తెల్లగ, నున్నగ,
ఏడ పట్టుకోవాల్నో చెప్పకుండ.

దీని మీదికి ఒక అరబ్బీ మాట ఎక్కాలె.
మాటేమో కాయిదం మీద సాపుగ పండుకున్నది.
సాపుదాన్ని గుండు మీద పండవెట్టుడు
చెప్పినంత అల్కటి పని కాదు.

గోరువెచ్చని నీళ్లల్ల ముంచి
ముప్పై దాకా లెక్కవెట్టాలె.
గుంజొద్దు. గోకొద్దు.
కాయిదాన్ని ఇడిసి
జారుత అని అదంటేనే జరపాలె.
మా అక్క బీడీలు చేస్తది.
తునికాకు రాత్రి నానకపోతే
పొద్దుగాల చుట్టంగనే పటుక్కుమంటదని
నాకు ఏడేండ్లప్పుడే ఎరుక.
ఈ కంపెనీల దాన్ని ట్రైనింగ్ అంటరు.

పుల్లటి వాసన నీళ్లు ముందుగాల పూసి
మాటను మెల్లగ దాని మీదికి జారిచ్చి
నడుమల నుంచి అంచులకు
తడి దూదితోని ఒత్తుకుంట పోవాలె,
గంజు అడుగుకు సర్వపిండి ఒత్తినట్టు.
అయినా అంచులు లేస్తయ్.
గుండు ఒప్పుకోదు.
బ్లేడుతోని అక్షరాల నడుమ రెండు గాట్లు,
దర్జీ చంకల పెట్టినట్టు.
ఆ పైన మెత్తవరిచే మందు, ఒక్కటే బొట్టు.

ఇగ చూడాలె దాని అవతారం!
ముసలోళ్ల మోచేతి తోలు లెక్క ముడుతలు వడ్తది.
కొత్తగొచ్చిన పోరడైతే ఆగమై ఏలు వెడ్తడు.
ఏలు వెట్టిండా, చినిగిందే.
చేతులు ఎనుకకు కట్టుకొని
కింద టైర్లోళ్ల రేడియో ఇనుకుంట నిలవడాలె.
పావుగంటకు
ముడుతలు వాటంతట అవే దిగి
రంగుల రంగై కూసుంటయ్.

కూసున్నది.
సూస్తే చుక్క లేదు.

గిన్నెల నీళ్లు బట్టల వడవోసిన,
దూది ముక్కలు ఇప్పిన,
టార్చ్ వట్టుకొని, బాగలేని మోకాలుతోని నేలంత పాకిన.
ఆవగింజంత చుక్క.
"చుక్క పోతే మాటే మారుతది" అని
సూడాన్ ఇద్రీస్ ఎప్పుడూ చెప్తడు.
నక్ష ఆయన కంప్యూటర్ల, కంప్యూటర్‌కు తాళం,
ఆయన ఫోను బందు.
పొద్దుగాల ఆరింటికి బండొస్తది.

అప్పుడు లింబాద్రన్న యాదికొచ్చిండు.
ఆరేండ్ల కింద ఫుజైరాల
ఇదే ట్యాంకు, ఇదే మాట
తాళ్లకు ఏలాడుకుంట ఇద్దరం రాసినం.
ఒక్కో అక్షరం మనిషికి రెండింతలు.
మొకానికి జానెడు దూరంల ఎర్ర రంగు తప్ప
మాటను మాటలెక్క నేనెన్నడు చూడలే.
చుక్క మాత్రం ఆయన రాసిండు.

మెట్‌పల్లిల రాత్రి ఒకటిన్నర.
"అన్నా, చుక్క మీదనా, కిందనా?"
నిద్రల ఉండి కూడ తడుముకోలే.
"కిందరా. రెండో కొంకికి కింద.
గుండ్రం అనుకునేవు, నాలుగు మూలలుంటది.
ఒక పూటంత దాని మీదనే ఏలాడిన,
నడుముకు తాడు కోసిన గుర్తు ఇంక పోలే."
జర ఆగి అడిగిండు,
"ఎందుకురా, చెరిగిపోయిందా?"

"లేదన్నా, చిన్నగైంది" అన్న.

మూడు వెంట్రుకల కుంచె ఉంటది నా దగ్గర.
ఊపిరి వట్టి
నాలుగు మూలలు దించిన.

పొద్దుగాల ఇద్రీస్ భూతద్దంతోని
ట్యాంకు సుట్టు రెండుమార్లు తిరిగి
"తమామ్" అని చాయ్ తాగవోయిండు.
పెట్టెల గడ్డి వెట్టి మేకులు కొట్టినం.

క్యాంపుకొచ్చి మొకం కడుగుదామని
చేతి గడియారం ఇప్పితే
మణికట్టు బొక్క మీద, ఆ గుండు మీద,
ఎర్రటి చుక్క.
ముడుత లేదు, బుడగ లేదు, ఒక్క అంచు లేవలే.
ఇంత మంచిగ
నేనెన్నడు అతికియ్యలే.