పక్కా రంగు

మావాడి నాలిక మీద ఆ రంగు చూసినప్పుడు
నేను భయపడలేదు. ముందు గుర్తుపట్టాను.

పదమూడేళ్ళుగా నూలు చిలపల్ని రంగుతొట్లో ముంచి తీసే చేతులివి.
గులాబీ ఎన్ని రకాలుంటుందో నన్నడగండి.
దానిమ్మ గింజది, దొండపండు చీలిస్తే కనపడేది,
చంటిబిడ్డ మడమది.
ఇది వాటిల్లో లేదు.
స్టోన్‌హౌస్‌పేటలో సందు చివరి కొట్లో
కాగితం పొట్లంలో తూచి ఇచ్చే గులాబీ ఇది.
చిటికెడు వేస్తే బానెడు నీళ్ళు మండుతాయి.

రొట్టెల పండగ మూడోరోజు.
చెరువులో మోకాటి లోతున నిలబడి
"ఆరోగ్య రొట్టె, ఎవరికమ్మా ఆరోగ్య రొట్టె" అని అరుస్తా ఉన్నాను.
వాడికి ఉబ్బసం తగ్గాలని పోయినేడు పుచ్చుకున్నాను,
తగ్గింది, తిరిగి ఇస్తున్నాను.
కడపనించి వచ్చినావిడ ఎవరో రెండు చేతులా అందుకుని
కళ్ళకద్దుకుని నీళ్ళలోనే సగం తినింది.
తడిసిన కుచ్చెళ్ళు ఇంకా పిండుకోలేదు,
గట్టు మీద పెంచలు నోరు తెరిచాడు:
"అమ్మా, నా నాలిక చూడు!"

పీచుమిఠాయి. వాడి తలకాయంత.
ఇరవై రూపాయలు నేనే ఇచ్చాను గదా పొద్దన్నే,
ఏడవకుండా ఉండమని.

పుక్కిలించమన్నాను. పోలేదు.
కొంగుతో తుడిచాను. కొంగుకి అంటింది, నాలికని వదల్లేదు.
పక్కా రంగంటే ఇదీ, అని మా మేస్త్రీ మెచ్చుకునే రకం.
కలిపేటప్పుడు తొడుగులేసుకోమంటాడాయన,
చేతులకి.
చేతులకే.

బండి కాడికి పోయాను, తిట్టడానికి.
ఖాదర్‌బాషా అంట, బుచ్చి దగ్గర ఊరు,
పాతికేళ్ళుంటాయేమో.
నన్ను చూసి నవ్వాడు:
"అక్కా, మిమ్మల్ని రంగుల కొట్లో చూశాగదా!"
అవును. నేనూ చూశాను.
మొన్న శనివారం నా ముందు నిలబడి
అదే డబ్బా వైపు వేలు చూపించింది ఇతనే.
చీరలకేమో అనుకున్నాను.
అనుకోను కూడా లేదు, చిల్లర లెక్కపెట్టుకుంటున్నాను.

తిట్లన్నీ నోట్లోనే కరిగిపోయాయి.
"ఇది బట్టలకేసేది అబ్బయ్యా."
"మిఠాయికీ ఇదేనని చెప్పాడే అక్కా కొట్టాయన."
బండి కింద గోతం మీద అతని కూతురు నిద్రపోతోంది,
మూతి చుట్టూ గులాబీ గీత.

చాలాసేపు ఆ పిల్లనే చూశాడు.
రంగు డబ్బా మూత బిగించాడు.
గిన్నెలో ఒట్టి చక్కెర పోశాడు.
తెల్లగా లేచింది, ఏకిన దూదిలాగా.
పిలకాయలొచ్చారు, చూశారు, మూతులు ముడిచారు.
"రంగుది లేదా?"
పక్క బండికి పోయారు. అక్కడ గులాబీ మండుతా ఉంది.
"చూశావా అక్కా" అన్నాడు, కోపంగా కాదు.

నేనే కొన్నాను. రెండు. ఇంకోటి.
నలభయ్యేళ్ళదాన్ని, బండి ముందు నిలబడి
అందరికీ కనపడేట్టు పీచుమిఠాయి తిన్నాను.
ముసలాయన ఒకాయన మనవరాలి చెయ్యి పట్టుకుని ఆగాడు:
"ఇదేందమ్మా తెల్లగా, పాడైపోయిందా?"
ఆ పిల్ల మాత్రం చిన్న తునక తుంచుకుంది.
పొద్దుగూకేసరికి పదకొండు అమ్మాడు.
పదకొండుకి బండి అద్దె రాదు.

సోమవారం రంగుల కొట్టుకి పోయాను.
"ఎవురేం చేసుకుంటారో నాకేం తెలుసు" అన్నాడు కొట్టాయన.
మార్కరు అడిగి తీసుకుని డబ్బా మీద రాశాను:
బట్టలకు మాత్రమే. తినేదానికి కాదు.
మళ్ళీ వారం పోతే
రాసిన వైపు గోడకి తిప్పి ఉంది.
ఇటు తిప్పి పెట్టి వచ్చాను.
ప్రతి వారం తిప్పుతున్నాను.

పెంచలు నాలిక మూడోరోజుకి మామూలైంది.
పండక్కి కుట్టించిన చొక్కా కాలరు మీద బొట్టు మాత్రం
ఏడు ఉతుకులకీ అట్టనే ఉంది.
నూలు మీదైతే
మేస్త్రీకి చూపించి మెచ్చుకోమనేదాన్ని.