చెరపకూడని గీత

వెబ్ ఆప్షన్ల గడువు ఈ రాత్రి పదకొండు యాభైతొమ్మిది.
నాంపల్లి హాస్టల్లో ఫ్యాను మూడో నంబరు దగ్గరే తిరుగుతోంది,
నేనూ అంతే.

"ఈ ర్యాంకుకి రేడియాలజీ వస్తుంది కదే,
రేడియోథెరపీ ఏంటి నీ మొహం!
పలకడానికి కాస్తే తేడా,
బతకడానికి చాలా" అని హిమజ
మ్యాగీ గిన్నె గీకుతూ.

సర్జరీ సారు కత్తి పట్టమన్నారు,
గడ్డ తీసి ట్రేలో పెడితే
చేసింది కళ్లకు కనిపిస్తుందని.
మెడిసిన్ మేడమ్ వేళ్ల మీద లెక్కపెట్టారు:
ముందు మూడేళ్లు, మళ్లీ ఎంట్రన్సు, మళ్లీ మూడేళ్లు,
కీమో రాసే చేతికి అదే దారి అని.
నాన్న బోరు మోటార్లు బాగుచేస్తాడు.
ఫోన్‌లో ఒక్కటే అడిగాడు,
"మిషన్ ఆగిపోయిన రోజు నువ్వేం చేస్తవ్ బిడ్డా?"
జవాబు దొరకలేదు. ఇప్పటికీ.

హౌస్ సర్జన్‌గా రెడ్‌హిల్స్‌లో పదిహేను రోజులు.
క్యాన్సర్ ఆసుపత్రి మెట్ల మీద
టిఫిన్ డబ్బాలు, ఫైళ్లు, చంకలో ఎక్స్‌రే కవర్లు.
మల్లేపల్లిలో జాకెట్లు కుట్టే అండాలమ్మ
బల్ల మీద పడుకుని, చేయి తలపైకెత్తి,
ఛాతీ మీద మేం గీస్తున్న ఊదారంగు గీతల్ని
మెడ వంచి చూసింది.

"ఒక్క పక్క కోసిండ్రు, కుట్టిండ్రు,
కుట్టు మంచిగనే పడ్డది.
మల్ల కొలతలెందుకు?
గీత గీసినంక కత్తెర పెట్టాలె గద!"

కత్తెర లేదమ్మా, వెలుగే అన్నాను.
కనబడుతదా? కనబడదు.
నొప్పి పెడుతదా? అప్పుడు తెలీదు.
ఆమె చాలాసేపు ఆలోచించి
"అయితే గీతే సక్కగ ఉండాలె" అంది.

అయిదు వారాలు ఈ గీతలు చెరిపేయకు అని చెప్పాం.
పెళ్లిళ్ల సీజనులో, మే నెల చెమటలో,
తడిగుడ్డతో గీతల చుట్టూ
తుడుచుకుంటూ వచ్చింది రోజూ,
పక్కవాళ్ల సుద్దగీతను కాపాడినట్టు.

మొదటి రోజు హాస్టలుకొచ్చి చూసుకుంటే
నా బొటనవేలికీ అదే సిరా.
సబ్బు తీశాను.
నేను కడుక్కోవచ్చు.
ఆమె కడుక్కోకూడదు.
కుళాయి అలా కారుతూనే ఉంది.

పదకొండు నలభై.
నాలుగో ఆప్షన్ని పట్టుకుని
పైకి లాగుతున్నాను, మూడు, రెండు,
మధ్యలో నెట్ పోయింది.
హిమజ నిద్రలో అటు తిరిగింది.
ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను.

ఓటీపీ వచ్చింది. ఆరు అంకెలు.
బొటనవేలు తెరమీద పెట్టబోయి
ఒకసారి వెలుగులో తిప్పి చూసుకున్నాను.
ఏమీ లేదు.
ఎప్పుడో పోయింది.
అయినా చూసుకున్నాను.